మీడియం ఫార్మాట్‌కు ఏ పాత కెమెరా? ట్విన్ లెన్స్, ఎస్‌ఎల్‌ఆర్, ఫోల్డింగ్, రేంజ్‌ఫైండర్‌ల పోలిక

35 ఎంఎం కంటే పెద్ద నెగటివ్ ఇచ్చే మీడియం ఫార్మాట్ కెమెరాలు వాడేది 120 ఫిల్ము. కొడాక్ 1901లో ప్రవేశపెట్టిన ఈ ఫిల్ము ఇప్పటికీ తయారవుతూనే ఉంది కనుక, అరవై డెబ్బై ఏళ్ల కిందటి కెమెరా అయినా షట్టరు సరిగా తెరుచుకుంటే చాలు, ఈనాటి ఫిల్ముతో చిత్రాలు తీయగలదు. కొనదలచినవారి ఇబ్బంది కూడా ఇక్కడే మొదలవుతుంది. ఒకే రోలును వాడుకునే కెమెరాలు ఒకదానితో ఒకటి పోలికే లేనన్ని రకాలుగా ఉన్నాయి, వాటి గురించిన చర్చ అంతా సాధారణంగా ప్లానార్ లెన్సు గొప్పదా, టెస్సార్ లెన్సు గొప్పదా అన్న చోటనే ఆగిపోతుంది. నా అభిప్రాయంలో లెన్సు పేరు చివరగా చూడవలసిన విషయం. 56 మిల్లీమీటర్ల వెడల్పున్న నెగటివ్ మీద ఎఫ్/8 (లెన్సు రంధ్రాన్ని కొంత మూసిన కొలత) దగ్గర, ఫంగస్ (బూజు) పట్టని ఏ నాలుగు కటకాల లెన్సు అయినా చాలామందికి అవసరమైన దానికంటే ఎక్కువ వివరాన్నే నమోదు చేస్తుంది. కెమెరాను చేతితో పట్టుకుంటారా లేక ట్రైపాడ్ మీద పెడతారా, అది పాడైతే బాగుచేయించుకోగలరా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక సగానికి పైగా పూర్తయినట్లే.

ముందుగా తేల్చుకోవలసినవి

మీడియం ఫార్మాట్‌లో చేతి వణుకు 35 ఎంఎం కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, దానికి కారణం లెన్సు పొడవులోనే (ఫోకల్ లెంగ్త్) ఉంది. 6×6 ఫ్రేములో (కొలతలు సుమారుగా సెంటీమీటర్లలో) మామూలు లెన్సు 75 లేదా 80 మి.మీ. ఉంటుంది, 6×7లో 90 నుంచి 105 మి.మీ. వరకు ఉంటుంది. లెన్సు పొడవు పెరిగేకొద్దీ ఫోకసులో ఉండే లోతు తగ్గుతుంది కనుక ఎపర్చరును (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) మూయవలసి వస్తుంది, ఎపర్చరును మూస్తే షట్టరు వేగం పడిపోతుంది. సరిగ్గా ఆ తక్కువ వేగాల దగ్గరే కెమెరా లోపలి అద్దం కదలిక చిత్రాన్ని దెబ్బతీస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో తీసే లెన్సులోంచి వచ్చే బొమ్మను చూపే అద్దం, షట్టరు తెరుచుకునే ముందు పైకి లేస్తుంది. ట్విన్ లెన్స్ (చూడడానికి ఒకటి, తీయడానికి ఒకటి లెన్సులున్న), ఫోల్డింగ్ (మడిచే), రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి ఫోకసు చేసే పరికరమున్న) కెమెరాలలో కదిలే అద్దం లేదు, పైగా వాటి షట్టరు లెన్సులోనే ఉండే చిన్న రెక్కల అమరిక. స్థిరమైన చేతులున్నవారు ట్విన్ లెన్స్‌తో సెకనులో 30వ వంతు వద్ద నిశ్చింతగా తీయవచ్చు, ఊపిరి బిగబట్టి 15వ వంతుకూ దిగవచ్చు. పెంటాక్స్ 67తో అయితే 125వ వంతు కంటే కిందకు చేతితో దిగమని నేను ఎవరికీ చెప్పను.

రెండవ విషయం ఫ్రేము ఆకారం. 35 ఎంఎం ఫ్రేము వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. 6×4.5 ఫ్రేము సుమారు 2,350, 6×6 ఫ్రేము 3,136, 6×7 సుమారు 3,900, 6×9 సుమారు 4,700. అంకెలు చూడగానే పెద్దదే మేలని తోస్తుంది గాని, ఒక రోలుకు 6×4.5లో 15 లేదా 16 చిత్రాలు వస్తే 6×9లో ఎనిమిదే వస్తాయి. చదరపు ఫ్రేము విషయంలో మరో మెలిక ఉంది: చదరపు చిత్రాన్ని చివరకు దీర్ఘచతురస్రంగా కత్తిరించే అలవాటున్నవారికి మిగిలేది 6×4.5 వైశాల్యమే. అయితే పైనుంచి తొంగిచూసే నడుము ఎత్తు వ్యూఫైండర్ ఉన్న కెమెరాను నిలువు చిత్రం కోసం పక్కకు తిప్పితే దాని తెరలోకి చూడడం దాదాపు అసాధ్యమవుతుంది కనుక, ఆ వ్యూఫైండర్‌కు చదరమే సహజమైన జోడీ.

మూడవది మరమ్మతు. పూర్తిగా యాంత్రికమైన షట్టరును విప్పి, ఎండిపోయిన నూనెను కడిగి, వేగాలను మళ్లీ సరిచేయవచ్చు. ఎలక్ట్రానిక్ షట్టరులో సర్క్యూటు బోర్డు పోతే, అదే మోడలుకు చెందిన మరో చచ్చిన కెమెరా నుంచి తీసిన బోర్డు తప్ప వేరే దారి తరచుగా ఉండదు.

ఫిల్ము తీసిన తరువాతి పని గురించి క్లుప్తంగా చెబితే చాలు. 35 ఎంఎం కోసమే చేసిన స్కానర్లలో ఈ నెగటివ్ పట్టదు, పారదర్శక ఫిల్మును చదవగల ఫ్లాట్‌బెడ్ స్కానరు కావాలి. డార్క్‌రూములో ప్రింట్లు వేసేవారు తమ ఎన్‌లార్జర్ ఏ పరిమాణం వరకు స్వీకరిస్తుందో ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే 6×6 వరకో 6×7 వరకో ఆగిపోయే ఎన్‌లార్జర్లు చాలా ఉన్నాయి. 1965లో వచ్చిన, రోలుకు రెట్టింపు చిత్రాలిచ్చే 220 ఫిల్మును కూడా తీసుకుంటుందన్న కారణంగా ఏ కెమెరాకూ ఎక్కువ విలువ కట్టవద్దు, ఆ ఫిల్ము ఇప్పుడు దాదాపు దొరకదు. 620 అనే మరో రకం రోలును వాడే కెమెరాలను మొదటిసారి కొనేవారు వదిలేయడమే మంచిది. ఫిల్ము వెడల్పు ఒకటే అయినా స్పూలు సన్నగా ఉంటుంది, కొడాక్ 1995లో దాని తయారీ ఆపేసింది కనుక ప్రతి 120 రోలునూ చీకటిలో పాత స్పూలుకు చుట్టుకోవలసి వస్తుంది.

| రకం | ఉదాహరణ | ఫ్రేము, రోలుకు చిత్రాలు | సుమారు బరువు | షట్టరుకు బ్యాటరీ | ఫ్లాష్‌తో కలిసే గరిష్ఠ వేగం |
|---|---|---|---|---|---|
| ట్విన్ లెన్స్ | యాషికా మ్యాట్ 124జి | 6×6, 12 | 1.1 కిలోలు | అక్కరలేదు | 1/500 |
| లెన్సులు మార్చగల ట్విన్ లెన్స్ | మామియా సి330 | 6×6, 12 | 1.7 కిలోలు | అక్కరలేదు | 1/500 |
| 6×6 ఎస్‌ఎల్‌ఆర్ | హాసెల్‌బ్లాడ్ 500సి/ఎం | 6×6, 12 | 1.5 కిలోలు | అక్కరలేదు | 1/500 |
| 6×7 ఎస్‌ఎల్‌ఆర్ | మామియా ఆర్‌బి67 | 6×7, 10 | 2.7 కిలోలు | అక్కరలేదు | 1/400 |
| 6×7 ఎస్‌ఎల్‌ఆర్ | పెంటాక్స్ 67 | 6×7, 10 | 2.4 కిలోలు | కావాలి | 1/30 |
| ఫోల్డింగ్ | ఆగ్‌ఫా ఐసోలెట్ | 6×6, 12 | అర కిలోకు కొంచెం పైన | అక్కరలేదు | మోడలును బట్టి |
| రేంజ్‌ఫైండర్ | ఫుజీ జిడబ్ల్యు690 | 6×9, 8 | 1.5 కిలోలు | అక్కరలేదు | 1/500 |

ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె అండ్ హైడెకె సంస్థ 1929లో రోలీఫ్లెక్స్‌ను తెచ్చినప్పటి నుంచి ఈ రకం స్వరూపం పెద్దగా మారలేదు. పై లెన్సు చూడడానికి, కింది లెన్సు ఫిల్ము మీద చిత్రం పడడానికి. రెండూ ఒకే పలక మీద కలిసి ముందుకు వెనుకకు కదులుతాయి. చిత్రం తీస్తున్న క్షణంలో కూడా తెర చీకటి కాదు, కనుక ఎదుటి మనిషి కన్ను మూశాడో లేదో మీకు తెలుస్తుంది. నడుము ఎత్తులో పట్టుకుని తల వంచి చూడడం వల్ల ఎదుటివారికి కెమెరా అంతగా బెదురు కలిగించదు. వీధి చిత్రాలకు అమెరికన్ ఫోటోగ్రాఫరు వివియన్ మేయర్ రోలీఫ్లెక్స్‌ను ఎంత దగ్గరగా వాడగలిగిందో చూసినవారికి ఈ మాట వివరించనవసరం లేదు.

లోపాలూ ఈ అమరిక నుంచే పుడతాయి. తెర మీది బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. నిలబడిన మనిషికి ఇది త్వరగానే అలవాటవుతుంది గాని, పరుగెత్తే పిల్లవాణ్ని వెంబడించవలసి వచ్చినప్పుడు కెమెరాను అనుకున్న వైపుకు ఎదురుగా తిప్పవలసి వస్తుంది. చూసే లెన్సు, తీసే లెన్సు వేర్వేరు ఎత్తులలో ఉండడం వల్ల దగ్గరి వస్తువుల అమరికలో తేడా వస్తుంది. చాలా మోడళ్లు సుమారు మీటరు కంటే దగ్గరకు ఫోకసు కావు, అంతకంటే దగ్గర కావాలంటే జంటగా వచ్చే క్లోజప్ లెన్సులు తగిలించుకోవాలి.

ఈ రకంలో నాలుగు దారులున్నాయి. మొదటిది రోలీఫ్లెక్స్. 1937 నాటి ఆటోమాట్ నుంచి దీనిలో ఫిల్ము మొదలును కెమెరాయే గుర్తిస్తుంది: కాగితం మాత్రమే ఉన్న చోటికీ, కాగితంతో పాటు ఫిల్ము వచ్చిన చోటికీ మధ్య మందంలోని తేడాను రెండు రోలర్లు పసిగట్టి లెక్కింపు మొదలుపెడతాయి. కాగితం కొసను ఆ రోలర్ల మధ్య నుంచి దూర్చకపోతే లెక్కింపు మొదలే కాదు, రోలు మొత్తం ఆగకుండా చుట్టుకుపోతుంది. పాత కెమెరా చేతికొచ్చిన తొలిరోజున "ఫ్రేము కౌంటరు పాడైంది" అని అనుకునేవారిలో కొందరికి అసలు సమస్య ఇదే. రెండవది అదే సంస్థ 1933లో మొదలుపెట్టిన రోలీకార్డ్. క్రాంకుకు బదులు గుండ్రని నాబ్ తిప్పి ఫిల్ము జరపాలి, షట్టరును వేరుగా బిగించాలి. పని ఒక అడుగు పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. నెగటివ్ మాత్రం ఖరీదైన అన్నకు ఏమంత తీసిపోదు. తొందర లేనివారికి ఇదే నా మొదటి సిఫారసు.

మూడవది జపాను నుంచి వచ్చిన యాషికా మ్యాట్ 124జి, మినోల్టా ఆటోకార్డ్. యాషికాలో 80 మి.మీ. ఎఫ్/3.5 నాలుగు కటకాల లెన్సు ఉంది, క్రాంకు తిప్పితే ఫిల్ము జరిగి షట్టరు కూడా బిగుసుకుంటుంది. దాని లైట్ మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీని ఉద్దేశించి చేసినది, ఆ బ్యాటరీలు ఇప్పుడు నిషిద్ధం. అదే ఆకారంలోని 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు తప్పు చూపిస్తుంది, జింక్ ఎయిర్ బ్యాటరీ దానికంటే దగ్గరగా చూపిస్తుంది. ఎలాగూ షట్టరుకు బ్యాటరీతో పని లేదు కనుక మీటరు చచ్చిన 124జి తక్కువకు దొరికితే వెనుకాడనవసరం లేదు. ఆటోకార్డ్ లెన్సు చాలా మంచిది, ఫిల్ము మలుపు తిరగకుండా నేరుగా కిందికి సాగడం మరో మేలు. కాని లెన్సు కింద ఉండే ఫోకసు మీట దాని బలహీనత. గ్రీజు గట్టిపడిన కెమెరాలో బలవంతంగా కదిపితే అది విరుగుతుంది, కనుక గట్టిగా ఉన్న ఆటోకార్డ్‌ను మరమ్మతు ఖర్చు కలుపుకునే బేరమాడాలి.

నాలుగవది మామియా సి330. ట్విన్ లెన్స్‌లో 55 నుంచి 250 మి.మీ. వరకు లెన్సులు మార్చుకునే సౌకర్యం దీనిలోనూ దీని తోబుట్టువులలోనూ ఉంది, బెల్లోస్ (మడతల తిత్తి) ఉండడం వల్ల చాలా దగ్గరకూ ఫోకసు అవుతుంది. దానికి మూల్యం బరువు. మెడలో వేసుకుని రోజంతా తిరగడానికి ఇది తగదు.

ఎస్‌ఎల్‌ఆర్

లెన్సు చూసిందే మీరు చూస్తారు, లెన్సులూ, చాలావాటిలో ఫిల్ము బ్యాకులూ (ఫిల్మును పట్టే వెనుక పెట్టెలు) మార్చుకోవచ్చు. ఈ సౌలభ్యాల కోసం బరువునూ అద్దం అదురునూ భరించాలి.

హాసెల్‌బ్లాడ్ పేరు వినని ఫోటోగ్రాఫరు ఉండడు. 1969లో చంద్రుని మీద నడిచినవారు తీసుకెళ్లింది ఈ సంస్థ కెమెరానే, అయితే అది మోటారుతో నడిచే ప్రత్యేక నమూనా. సెకండ్ హ్యాండ్‌లో దొరికే 500సి/ఎంకు ఆ కీర్తి ధరలో కలుస్తుంది, మీ నెగటివ్‌లో కలవదు. కీర్తిని పక్కన పెట్టినా ఇది నిజంగా మంచి కెమెరా. 1957 నాటి 500సి నుంచి షట్టరు ప్రతి లెన్సులోనూ ఉంది, కనుక 500వ వంతు వరకు ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. ఎండలో ఫ్లాష్‌తో మనుషుల చిత్రాలు తీసేవారికి దీని విలువ చెప్పనలవికాదు. రోలు మధ్యలో ఉండగానే బ్యాకు తీసి మరో ఫిల్ముకు మారవచ్చు. కాని దీనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. బిగించని స్థితిలో లెన్సు తీయకూడదు. బాడీ ఒక స్థితిలో, లెన్సు మరో స్థితిలో ఉంటే రెండూ ఇరుక్కుంటాయి. డార్క్ స్లైడ్ (బ్యాకులోని ఫిల్మును వెలుగు నుంచి మూసే రేకు) లోపలే ఉంటే షట్టరు మీట కదలదు. ప్రతి చిత్రం తరువాత మళ్లీ క్రాంకు తిప్పేదాకా తెర నల్లగానే ఉంటుంది. పాత సి రకం లెన్సుల కాంపూర్ షట్టర్లకు విడిభాగాలు కష్టమవుతున్నాయి కనుక, స్థోమత ఉంటే తరువాతి సిఎఫ్ రకాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

1970లో వచ్చిన మామియా ఆర్‌బి67ను స్టూడియో కెమెరాగా చూడాలి. వెనుక భాగం మొత్తాన్ని తిప్పితే అడ్డం ఫ్రేము నిలువుగా మారుతుంది, కెమెరా కదలదు. బెల్లోస్ వల్ల ముఖానికి బాగా దగ్గరగా వెళ్లవచ్చు, దానికి తగిన ఎక్స్‌పోజరు దిద్దుబాటు కొలత కెమెరా పక్కనే చెక్కి ఉంటుంది. షట్టరు బిగించడం ఒక మీటతో, ఫిల్ము జరపడం మరో మీటతో చేయాలి. బ్యాటరీ ఎక్కడా లేదు. దీని మొరటుతనాన్ని చూసి చాలామంది దూరం జరుగుతారు గనుకనే, ఇచ్చే నెగటివ్ పరిమాణంతో పోలిస్తే ఇది చవక.

పెంటాక్స్ 67 మాత్రం కంటికి ఎత్తి పట్టుకునే పెద్ద 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ లాగే పనిచేస్తుంది, అందుకే దానివైపు మనసు లాగుతుంది. 105 మి.మీ. ఎఫ్/2.4 లెన్సును పూర్తిగా తెరిచి తీసిన ముఖచిత్రాలలో వెనుక భాగం కరిగిపోయే తీరు ఈ ధరలలో మరోచోట అంత సులువుగా దొరకదు. మూల్యం మూడు చోట్ల చెల్లించాలి: ఫ్లాష్‌కు 30వ వంతే గరిష్ఠం, బ్యాటరీ లేకపోతే షట్టరు లేదు, అద్దం శబ్దానికి గదిలో అందరూ తిరిగి చూస్తారు. 1969లో వచ్చిన తొలి నమూనాలో అద్దాన్ని ముందుగా ఎత్తి ఉంచే సౌకర్యం లేదు, తరువాతి వాటిలో ఉంది. ట్రైపాడ్ వాడేవారికి అది తప్పనిసరి. మీటరు ఉన్న ప్రిజాన్ని (పైన అమర్చే వ్యూఫైండర్‌ను) లెన్సు తీసేసిన తరువాతే అమర్చాలి, లేకపోతే లోపలి సన్నని గొలుసు తెగుతుంది.

బ్రోనికా ఎస్‌క్యూ‑ఎ, ఇటిఆర్‌ఎస్, మామియా 645 వంటివి ఎలక్ట్రానిక్ షట్టర్లతో, అందుబాటు ధరలతో మంచి చిత్రాలిస్తాయి. ఒక బాడీ పోతే మరొకటి కొనుక్కునే సంసిద్ధత ఉన్నవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. పెంటకాన్ సిక్స్, కీవ్ 88 కెమెరాలను మాత్రం, ఫ్రేముల మధ్య ఖాళీ సరిగా రాకపోవడం వంటి చిక్కులతో ఓపికగా వ్యవహరించగలిగినవారికే వదిలేయాలి.

ఫోల్డింగ్, రేంజ్‌ఫైండర్, ప్లాస్టిక్ కెమెరాలు

మడిచి కోటు జేబులో వేసుకోగల మీడియం ఫార్మాట్ కావాలంటే ఫోల్డింగ్ కెమెరా తప్ప మరొకటి లేదు. కొండలెక్కేవారికి, ప్రతి వంద గ్రాములూ లెక్కపెట్టేవారికి ఇది చక్కని జవాబు. జీస్ ఐకాన్ 1934లో మొదలుపెట్టిన సూపర్ ఐకాంటాలలో రేంజ్‌ఫైండర్ లెన్సుతో జతపడి ఉంటుంది. సాధారణ ఐసోలెట్, బెస్సా మోడళ్లలో చాలావాటిలో దూరాన్ని అంచనా వేసి లెన్సు మీద పెట్టుకోవాలి. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ప్రకృతి దృశ్యాలకు ఆ అంచనా సరిపోతుంది, ఎఫ్/4.5 వద్ద ముఖచిత్రాలకు సరిపోదు. ఆగ్‌ఫా కెమెరాలకు రెండు జాతి రోగాలున్నాయి: బెల్లోస్ మూలల్లో సూది రంధ్రాలు, గట్టిపడి లెన్సును కదలనివ్వని గ్రీజు. రెండూ బాగుపడేవే గాని, రెండూ ఉన్న కెమెరా చవక బేరం కాదు. వెనుక ఎర్రటి కిటికీలోంచి అంకె చూసి ఫిల్ము జరపవలసిన మోడళ్లలో, ఆనాటి చాలా ఫిల్ముల మాదిరి కాక నేటి ఫిల్ములు ఎర్రని వెలుగుకూ స్పందిస్తాయి కనుక, చూడని సమయమంతా ఆ కిటికీని మూసి ఉంచాలి.

ఫుజీ జిడబ్ల్యు690లో 90 మి.మీ. ఎఫ్/3.5 లెన్సు స్థిరంగా బిగించి ఉంటుంది, లైట్ మీటరు లేదు, బ్యాటరీ లేదు. చేతితో తీస్తూ 6×9 నెగటివ్ కోరుకునేవారికి ఇంత సూటి కెమెరా అరుదు. ఒక మీటరు దూరం కంటే దగ్గరకు ఫోకసు కాదు, రోలుకు ఎనిమిదే చిత్రాలు. 1995 నాటి మామియా 7 లెన్సులు గొప్పవే, కాని అంత ధర పెట్టి ఎలక్ట్రానిక్ షట్టరు మీద ఆధారపడడం నాకు నచ్చదు.

లుబిటెల్‌లోని మూడు కటకాల లెన్సు కొంత మూసినప్పుడు పేరుకు తగిన చిత్రమే ఇస్తుంది, కాని దాని తెరలో మధ్యనున్న చిన్న మసక గాజు వృత్తంలో మాత్రమే ఫోకసు చూడగలరు. హోల్గాను దాని వెలుతురు చిమ్మే లోపాల కోసమే కొనాలి.

ఎవరికి ఏది

తొలిసారి ఈ ఫార్మాట్‌లోకి వస్తూ, మనుషులనూ వీధులనూ చేతితో తీయదలచినవారికి రోలీకార్డ్ లేదా యాషికా మ్యాట్ చాలు. అక్కడ మిగిలిన డబ్బును సర్వీసింగుకూ ఫిల్ముకూ పెట్టండి. స్టూడియోలో ట్రైపాడ్, ఫ్లాష్ ఉన్నవారు ఆర్‌బి67 తీసుకుంటే హాసెల్‌బ్లాడ్ కంటే పెద్ద నెగటివ్ తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. బయట ఫ్లాష్‌తో తిరిగేవారికి, రంగుల ఫిల్మూ నలుపు తెలుపు ఫిల్మూ ఒకే రోజు మార్చి వాడేవారికి హాసెల్‌బ్లాడ్ పెట్టుబడి సార్థకమవుతుంది. ప్రకృతి దృశ్యాలు తీసేవారిలో నడక ఎక్కువైనవారు ఫోల్డింగ్‌ను, వాహనం దగ్గరలోనే ట్రైపాడ్ నిలిపేవారు పెంటాక్స్ 67ను లేదా ఫుజీని చూడాలి. కళ్లజోడు పెట్టుకునేవారు కొనేముందు తప్పక తెరలోకి చూసి తీరాలి. పాత తెరలు మూలల్లో చీకటిగా ఉంటాయి, ఫోకసు కనబడని కెమెరా ఎంత మంచిదైనా వ్యర్థం.

కొనేముందు పరీక్ష

ఒకే మోడలులోని రెండు కెమెరాల స్థితిలో ఉండే తేడా, రెండు మోడళ్ల మధ్య తేడా కంటే తరచుగా పెద్దది. ఎపర్చరును పూర్తిగా తెరిచి, షట్టరును బి (మీట నొక్కినంతసేపు తెరిచి ఉండే స్థానం) మీద ఉంచి, లెన్సు వెనుక నుంచి టార్చి వెలుగు పంపి చూడండి. సన్నని వేర్లలాంటి గీతలు ఫంగస్, పొగలా పరుచుకున్నది హేజ్, అంచు నుంచి ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అతికిన కటకాలు విడిపోతున్నట్లు. పలచని దుమ్ముకు భయపడనవసరం లేదు. షట్టరును ఒక సెకను మీద పెట్టి వినండి: నడక మధ్యలో ఆగితే లేదా సాగదీస్తే నూనె ఎండిందని అర్థం, ఇది బాగయ్యే రోగమే. బెల్లోస్ ఉన్న కెమెరాను చీకటి గదిలో తెరిచి, లోపల టార్చి పెట్టి ప్రతి మడత మూలనూ చూడాలి. మార్చగల బ్యాకులలో డార్క్ స్లైడ్ దూరే సందులోని సీలు అరిగితే ఫ్రేము అంచున వెలుగు చార పడుతుంది, అది మార్చడం సులువే. హాసెల్‌బ్లాడ్ బ్యాకు పెంకు మీద, లోపలి భాగం మీద ఉన్న అంకెలు ఒకటేనా అని కూడా చూడండి.

కొన్న తరువాత మొదటి రోలును జ్ఞాపకాల కోసం వాడవద్దు. నలుపు తెలుపు ఫిల్ము వేసి, ఒకే గోడను ఒకే ఎక్స్‌పోజరు వచ్చేలా వేర్వేరు షట్టరు వేగాలతో తీయండి. నెగటివ్‌ల సాంద్రత అన్నిటిలో ఒకేలా ఉంటే వేగాలు సరిగా ఉన్నట్లు. తరువాత వాలుగా పరిచిన కొలత టేపు మీద ఒక అంకెకు ఫోకసు చేసి, ఎపర్చరు పూర్తిగా తెరిచి తీస్తే తెర మీది ఫోకసు, ఫిల్ము మీది ఫోకసు కలుస్తున్నాయో లేదో తేలుతుంది. రెండు చిత్రాలను ఎండకు ఎదురుగా, కెమెరాను కొద్దిసేపు ఎండలోనే ఉంచి తీస్తే వెలుగు ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. ఈ రోలును డెవలప్ చేశాక కత్తిరించకుండా ఉంచండి. ఫ్రేముల మధ్య ఖాళీ సమంగా ఉందా లేదా అన్నది పొడవాటి పట్టీలోనే కనబడుతుంది, కెమెరాను మరమ్మతుకు పంపవలసి వస్తే దానితో పాటు ఆ పట్టీని కూడా పంపవచ్చు.